ఎద్దు భోక్తగా వచ్చే అమావాస్య

మా అమ్మ కాపురానికి వస్తూ తణుకు పక్కనున్న పుట్టింటి నుంచి బట్టల మధ్య చుట్టి ఒక కంద దుంప తెచ్చుకుంది. నాన్నకు బల్లార్షా బొగ్గుగనిలో ఉద్యోగం. రెండు గదుల క్వార్టరు. పెరట్లో నీళ్లు పారే చోట ఆ దుంపను పాతిపెట్టింది. చంద్రపూర్ ఎండల్లో అది ఉందో లేదో తెలిసేది కాదు. మృగశిర వానలు పడగానే మచ్చల కాడతో గొడుగులా లేచేది. శ్రావణ అమావాస్య నాటికి చుట్టూ నాలుగైదు పిలకలు వేసేది. అమ్మ ఆ తల్లిమొక్కకు పసుపు రాసి, పసుపుకొమ్ము కట్టిన తోరం చుట్టి, బూరెలు, గారెలు నైవేద్యం పెట్టి, కథ చెప్పుకుని అక్షింతలు వేసుకునేది. రెండో తోరం నా చేతికి.

"అమ్మాయ్, సాయంత్రం దాకా తీయకే."

"బడిలో మరాఠీ పిల్లలు అడిగితే ఏం చెప్పను?"

"మా అమ్మ కట్టిందని చెప్పు."

1989లో పెళ్లయి వార్ధా నది దాటి రాజురా వైపు పల్లెకు కోడలిగా వచ్చాను. ఆ ఏడు శ్రావణ అమావాస్య నాడు తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసి కందమొక్క ఎక్కడుందని అడిగాను. మా అత్తగారు పోలెల కోసం పూర్ణం రుబ్బుతున్నారు. తలెత్తి చూశారు.

"కందేంది బిడ్డా? ఇయ్యాల ఎడ్ల పండుగ."

ఆ రోజు నాకు తోరం కట్టేవాళ్లు లేరు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, అమ్మ చేసిందీ అత్తగారు చేసిందీ ఒకే పూజ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకనిపిస్తోందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. మా రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. నదికి ఇవతల నిజాం రాజ్యం, అవతల నాగపూర్ భోంస్లేల చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్. రాష్ట్రాల హద్దులు మారాయి గాని ఇళ్లలో మాట మారలేదు. అత్తగారి తెలుగులో సగం మరాఠీ, పక్కింటివాళ్ల మరాఠీలో చారెడు తెలుగు. పండుగ పేర్లూ అలాగే కలిసిపోయాయి. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది పోలేరమ్మను కొలిచే పోలాల అమావాస్య. ఆదిలాబాద్ వాళ్లకు పొలాల పండుగ. విదర్భ రైతుకు పోళా. మరాఠీ తల్లులకు పిఠోరి అమావాస్య. పోళా మాటకు మూలం 'పోళ్' అంటారు. దేవుడి పేరిట ముద్ర వేసి విడిచిపెట్టిన ఆబోతుకు మరాఠీలో అదీ పేరు. మన అచ్చోసిన ఆంబోతే అది. పోలేరమ్మ పేరులో నాకు పొలిమేర వినిపిస్తుంది. ఆమె ఊరి పొలిమేర కాచే తల్లి కదా.

తెలుగువాళ్లకు ఎద్దుల పండుగలు ఇంకా ఉన్నాయి. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక, సంక్రాంతి మరునాడు కనుమ. ఏరువాక అరక కట్టే రోజు. అక్కడి నుంచి రెండున్నర నెలలకు, సరిగ్గా అయిదు పక్షాలకు, వస్తుంది శ్రావణ అమావాస్య. అప్పటికి దుక్కులయిపోయాయి, విత్తనం పడింది, పత్తిలో గుంటక తోలడం అయింది, పైరు గాలికి ఊగుతోంది. ఎద్దుకు ఏడాదిలో మొదటిసారి ఊపిరి తీసుకునే వీలు దొరికేది ఇప్పుడే. పని మొదలుపెట్టే ముందు చేసే పూజలో కోరిక ఉంటుంది. పని అయ్యాక చేసే పూజలో కోరడానికేమీ ఉండదు, ఇవ్వవలసిందే ఉంటుంది. అందుకే నాకు ఏరువాక కన్నా ఇది పెద్ద పండుగ.

ఇక పంచాంగం వైపు వస్తాను. జ్యోతిషం అనగానే చాలామంది గ్రహదోషం, పరిహారం అనుకుంటారు. దానికన్నా ముందు అది ఆకాశాన్ని చూసి రోజు పేరు చెప్పే విద్య. చాంద్రమానంలో నెల పేరుకు ఒక సూత్రం ఉంది. ఏ చాంద్రమాసంలో సూర్యుడు సింహరాశిలోకి అడుగుపెడతాడో అది శ్రావణం. కాబట్టి ఆ నెల ముగిసే అమావాస్య నాటికి సూర్యుడు తప్పకుండా సింహంలోనే ఉంటాడు. అమావాస్య అంటే చంద్రుడు సూర్యుణ్ణి కలిసే క్షణం, కాబట్టి చంద్రుడూ అక్కడే. పండుగ తేదీ ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఎటు జరిగినా ఈ కలయిక చోటు మాత్రం మారదు. చంద్రుడి పన్నెండు నెలలు 354 రోజులు, సూర్యుడి ఏడాది 365. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ వచ్చే ఈ తేడాను అధికమాసం సరిచేస్తుంది. 2023లో శ్రావణమే అధికంగా వచ్చింది, పోళా సెప్టెంబర్ 14 దాకా జరిగిపోయింది. 2024లో సెప్టెంబర్ 2. 2025లో ఆగస్టు 22.

రైతు భాషలో చెబితే ఇంకా బాగుంటుంది. 2023లో సూర్యుడు ఉత్తర కార్తెలో, 2024లో పుబ్బలో, 2025లో మఖలో ఉండగా ఎడ్లకు తోరణం కట్టాం. సింహరాశిలో ఉన్నవి ఈ మూడే, మఖ, పుబ్బ, ఉత్తర ఒకటో పాదం. వరసగా మూడేళ్లలో మూడూ చూశాం. "మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు" అంటాం కదా, ఆ మఖ, పుబ్బలు ఇవే. మరాఠీ రైతులూ వానను కార్తెల్లోనే లెక్కిస్తారు. ప్రతి కార్తెకూ వాళ్లకో వాహనం ఉంటుంది. కార్తె ఏనుగు మీదో కప్ప మీదో వస్తోందంటే మా ఊళ్లో ముసలివాళ్ల మొహాలు విప్పారతాయి.

ఈ నక్షత్రాలకు అధిదేవతలున్నారు. మఖకు పితృదేవతలు. పుబ్బకు భగుడు, ఎవరి పాలు వాళ్లకు పంచి ఇచ్చే దేవుడు. ఉత్తరకు అర్యముడు, బంధుత్వాన్ని నిలిపేవాడు. పితరుల్లో అర్యముడు తానేనని గీతలో కృష్ణుడు చెప్పుకున్నాడు. అమావాస్య ఎలాగూ పితృతిథి. అంటే శ్రావణ అమావాస్యకు సూర్యచంద్రులు కలిసే ఆ ఇల్లు పూర్వీకులది. ఆ తర్వాత నెల కృష్ణపక్షంలో మహాలయం వస్తుంది. పెద్దల పక్షానికి పదిహేను రోజుల ముందే ఆకాశం వాళ్ల పేరు ఎత్తుతుందన్నమాట. కర్మకు వాడే దర్భ కోసుకోవలసిందీ ఈ అమావాస్య నాడే. ఈ రోజు కోసిన దర్భ ఏడాదంతా పనికివస్తుందని శాస్త్రం. చిన్నప్పుడు మా బల్లార్షా పంతులుగారు పొద్దున్నే సైకిల్ మీద నది ఒడ్డుకు వెళ్లి దర్భ కట్టలు తెచ్చేవారు. అది పండుగలో భాగమని నాకు అప్పుడు తెలియదు.

ఇంతవరకు పంచాంగం చెప్పింది. ఇక్కడి నుంచి మా అత్తగారి పెరట్లో నేను చూసింది.

పండుగ ముందు రోజు సాయంత్రం ఎడ్లకు వేడినీళ్ల స్నానం. తర్వాత మెడ మీద కాడి మోసిన చోట, చర్మం మొద్దుబారి బొబ్బ కట్టిన చోట, పసుపు కలిపిన నెయ్యి మోదుగాకుతో అద్ది రాస్తారు. మరాఠీలో దీన్ని ఖాందేమళ్ణీ అంటారు, భుజాలు మర్దన చేయడం. మా మామగారు ఈ పని ఎవరికీ ఇచ్చేవారు కాదు. రాస్తూ రాస్తూ ఎద్దు చెవి దగ్గర వంగి, రేపు మా ఇంటికి భోజనానికి రమ్మని పిలిచేవారు. మా ఇంటి ఎద్దును మా ఇంటికే పిలవడం నాకు మొదట్లో వింతగా ఉండేది.

చాలా ఏళ్ల తర్వాత నాన్న ఆబ్దికం జరుగుతోంది. ముందు రోజే మా అన్నయ్య భోక్తల ఇంటికి వెళ్లి పిలిచి వచ్చాడు. మరునాడు వాళ్లు రాగానే గుమ్మంలో కాళ్లు కడిగాడు. వడ్డించాడు. దక్షిణ ఇచ్చి, వీధి దాకా వెంట నడిచి సాగనంపాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు ఒళ్లు జలదరించింది. ఇదంతా నేను ఏటా చేస్తున్నదే! ముందు రోజు పిలుపు. అమావాస్య. మధ్యాహ్నం దాటిన వేళ. గుమ్మంలో ఎద్దు నాలుగు కాళ్లూ కడగడం, కుంకుమ, హారతి. చాటలో ధాన్యం, చేత్తో పోలె తినిపించడం. వెంట వచ్చినవాడికి బోజారా అని డబ్బులిచ్చి పంపడం. శ్రాద్ధానికి భోక్తను ముందు రోజు గాని, లేదా ఆ రోజు గాని పిలవాలని మనుధర్మశాస్త్రం చెబుతుంది. పోళాకు ఎద్దును ముందు రోజే పిలవాలని మా మామగారికి ఆయన తాత చెప్పాడు.

ఎద్దును పితృదేవతగా కొలవమని నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. రెండు తంతులూ దగ్గరుండి చూశాను కాబట్టి పోల్చుకున్నాను, అంతే. కానీ ఈ పోలిక నాకు చాలా నిజంగా తోస్తుంది. ఈ పొలం తాతలది. తాతలు లేరు. వాళ్లతో పాటు ఈ మట్టిని తిరగేసిన జాతి ఇంకా మన పాకలో ఉంది. కడుపు నింపినవాడి రుణం ఎవరి ద్వారా తీర్చాలో పల్లె తెలుసుకుంది.

ఆ రోజు గుమ్మానికి రెండు వైపులా మోదుగ కొమ్మలు నిలబెడతారు. నవగ్రహాలకు సమిధలున్నాయి కదా, సూర్యుడికి జిల్లేడు, కుజుడికి చండ్ర, శనికి జమ్మి. చంద్రుడి సమిధ మోదుగ. ఆకాశంలో చంద్రుడు కనిపించని రోజున ఆయన చెట్టు మా గుమ్మంలో నిలబడుతుంది. దర్భ కేతువు సమిధ, అదీ ఆ రోజుదే. చంద్రపూర్ అడవుల్లో మోదుగకు కొదవ లేదు కాబట్టి వాడారని ఎవరైనా అంటే కాదనను. అయినా ఏటా ఆ కొమ్మలు నాటేటప్పుడు నాకు చంద్రుడే గుర్తొస్తాడు.

మధ్యాహ్నం ఎడ్లను సింగారించడానికి ఇంటిల్లిపాదీ కావాలి. కొత్త ముకుతాడు, కొత్త పగ్గం, కొమ్ములకు రంగు, మెడలో గజ్జెలు, వీపు మీద అద్దాల జూల. ఊరి బయట రెండు గుంజలకు మామిడాకుల తోరణం కడతారు. ఆ తోరణం కింద ఊరి జతలన్నీ వరసగా నిలబడతాయి. రైతులు ఒకరి తర్వాత ఒకరు ఝడ్త్యా అందుకుంటారు, అప్పటికప్పుడు కట్టిన పదాలు. పత్తి ధర మీద, వాన మీద, సర్కారు మీద. ప్రతి పదం చివర హరహర మహాదేవ్. పెద్దరికం ఉన్న ఇంటి జత ముందు నడవగానే తోరణం తెంపుతారు. దాన్నే పోళా ఫుట్లా అంటారు. మారుతి గుడి చుట్టూ తిరిగి, ఎడ్లు ఇంటింటికీ భోజనానికి బయల్దేరతాయి. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. మామూలు అమావాస్యలకు కూడా పాతకాలం రైతులు అరక కట్టరు గాని, ఈ అమావాస్య నాడు కట్టినవాణ్ణి ఊరు క్షమించదు.

మరి అమ్మ కందమొక్క సంగతేమిటి? అది చెప్పాలంటే పోలేరమ్మ కథ చెప్పాలి. ఏడుగురు తోడికోడళ్లు. చిన్న కోడలికి ఏటా ఈ అమావాస్య నాడే బిడ్డ పోతుంది. ఇంట్లో మైల, మిగతావాళ్ల నోము ఏటా ఆగిపోతుంది. అందరి తిట్లూ ఆమెకే. ఒక ఏడు ఆమె ఎవరికీ చెప్పకుండా, చచ్చిన బిడ్డను లోపల దాచి, అందరితో పాటు పూజ చేసి, చీకటి పడ్డాక బిడ్డను ఎత్తుకుని ఊరి బయటికి వెళ్లి ఏడుస్తుంది. పొలిమేర తల్లి ఎదురుపడి పోయిన పిల్లలందరినీ బతికించి ఇస్తుంది. ఆటలమ్మ, మశూచి, కలరా ఊళ్లు ఊడ్చేసిన కాలపు కథ ఇది. అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఆ "లోపల దాచి" దగ్గర గొంతు ఆగేది. నాకు ముందు పుట్టి పోయిన అక్క ఒకతె ఉందని నాకు పదహారేళ్లు వచ్చాక తెలిసింది.

కందకు చావు లేదు. ఎండకు ఎండిపోతుంది, వానకు లేస్తుంది. తల్లి దుంప చుట్టూ పిలకలు వేస్తుంది. ఆ పిలకల్లో ప్రతిదీ మళ్లీ తల్లి అవుతుంది. అందుకే పిలకలున్న కందనే పూజకు తెస్తారు.

జాతకచక్రంలో మేషం నుంచి లెక్కపెడితే సింహం అయిదో రాశి. అయిదో స్థానం సంతానానిది, పూర్వపుణ్యానిది. ఈ రెంటినీ మన జ్యోతిషం ఒకే గదిలో ఎందుకు పెట్టిందో ఆలోచించండి. సూర్యుడు తండ్రికి, చంద్రుడు తల్లికి కారకులు. తండ్రీ తల్లీ సంతానస్థానంలో కలుసుకునే అమావాస్య ఇది. ఆ ఇంటి గుమ్మంలో మఖ, అంటే పెద్దలు. సింహం నుంచి లెక్కపెడితే పదో రాశి వృషభం. పదోది కర్మస్థానం, చాకిరీ చేసే చోటు. చివరి మాట నా సొంత ఊహ, ఏ సిద్ధాంతిగారూ చెప్పలేదు. కానీ బిడ్డ, తాత, ఎద్దు ముగ్గురూ ఈ చక్రంలో కనబడుతున్నారు. మనిషి పుడుతూనే మూడు రుణాలతో పుడతాడని, పితృరుణం తీరేది సంతానం వల్లనని వేదం. అమ్మ బిడ్డల వైపు నిలబడి పూజ చేసింది, అత్తగారు పెద్దల వైపు నిలబడి చేశారు. మధ్యలో ఉన్న రుణం ఒక్కటే.

నాకు ఇంకా నమ్మకం కుదిరింది మరాఠీ ఇళ్లలో పిఠోరి చూశాక. పిండితో అరవైనాలుగు యోగినులను చేసి తల్లులు పిల్లల కోసం పూజిస్తారు. చివర్లో తల్లి పాయసం, పూరీల పళ్లెం తల మీద పెట్టుకుని, వెనక్కి తిరగకుండా, అతిథి ఎవరని అడుగుతుంది. వెనక నిలబడ్డ బిడ్డ, నేనే అని పేరు చెప్పి అందుకుంటాడు. బయట ఎద్దు అతిథి. లోపల బిడ్డ అతిథి.

నా కొడుక్కి మూడో ఏడు వచ్చినప్పుడు అమ్మ పండుగకు మా ఊరు వచ్చింది, సంచిలో మట్టితో సహా కందమొక్క పెట్టుకుని. అత్తగారు ఏమంటారోనని నాకు గుబులు.

"వదినగారూ, మీ పద్ధతికి అడ్డం రాను. ఓ మూల కూర్చుని చేసుకుంటాను," అంది అమ్మ.

"మూలకెందుకు ఒదినే? ఎడ్ల కొట్టంల చెయ్యి. ఆడ ఆవు గూడ ఈనింది."

కొట్టంలోనే పీట వేశారు. అమ్మ కథ చెబుతుంటే అత్తగారు చేటంత చెవులతో విన్నారు. అయిపోయాక అమ్మ చేతిలో మిగిలిన తోరాల్లో ఒకటి తీసుకుని కొత్త దూడ మెడకు కట్టారు. రెండోది నా కొడుకు చేతికి. ఆ తర్వాత మా ఇంట్లో ఏటా రెండూ జరుగుతున్నాయి. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు.

మరునాడు పాడ్యమి. గుమ్మాల్లో మోదుగ కొమ్మలు తీసి, ఇంట్లోని ఈతిబాధలను వాటితో పాటు వెళ్లిపొమ్మని పొలిమేర దాటించి పారేస్తారు. నాగపూర్‌లో అదే రోజు కీడును పారదోలే మార్బత్ బొమ్మల ఊరేగింపు. పిల్లలు చెక్క ఎడ్లను సింగారించి ఇంటింటికీ తిప్పుతారు, దాన్ని తాన్హా పోళా అంటారు. రోగాన్ని పొలిమేర దాటించే పని పోలేరమ్మదే కదా, ఇక్కడ ఆమె పేరు పలకరు గాని పని జరుగుతుంది.

2020లో కరోనా వల్ల తోరణం కట్టలేదు. ఎవరి ఎడ్లకు వాళ్లు ఇంట్లోనే హారతి ఇచ్చాం. ఆ ఒక్క ఏడు ఆగితే బాధపడ్డాం గాని, ఏడాదికేడాది ఎడ్లే తగ్గిపోవడం అంతకన్నా పెద్ద నష్టం. నేను కాపురానికి వచ్చినప్పుడు మా ఊరి తోరణం కింద జతలు పట్టేవి కావు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రాక్టరుకు పసుపు రాసి నిలబెడుతున్నారు. తప్పనను, అదీ దున్నుతోంది. కానీ దాని చెవిలో రేపు భోజనానికి రమ్మని ఎవరూ చెప్పరు.

ఈ మధ్య బంధువులు ఫోన్ చేసి, ఈ అమావాస్య ఏ రాశికి మంచిది, ఏం పరిహారం చేయాలి అని అడుగుతున్నారు. ఏ రాశివారైనా చేయవలసింది ఒకటే అని చెబుతున్నాను. మీ కోసం బరువు మోసిన భుజం ఎవరిదో చూసి, దానికి నెయ్యి రాయండి. పాకలో ఎద్దు లేకపోతే ఊళ్లో ఎవరి పాకలోనైనా ఉంటుంది, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లండి. పూజ చేసిన కందను పారేయకండి, కుండీలోనైనా పాతండి. అమ్మ తెచ్చిన దుంప సంతతి ఇప్పుడు మా పెరట్లో ఉంది, అడిగినవాళ్లకు పిలక ఇస్తాను.

పోళా చూడాలని రాజురా వైపు వచ్చేవాళ్లు బల్లార్షాలో రైలు దిగి నది దాటితే చాలు, రోడ్డు పక్కన ఏ పల్లెలోనైనా తోరణం కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉండండి. తోరణం తెగాక వస్తే చూడ్డానికేమీ మిగలదు, అప్పటికి ఎడ్లు భోజనాలకు వెళ్లిపోతాయి.